మా ఇంటి గాలి పంచాయితీ

చలికాలం వచ్చిందో లేదో క్యాలెండరు చూసి తెలుసుకోవాల్సిన పని నాకు ఎప్పుడూ పడలేదు. పొద్దున్నే మా బాపు ఊదుబత్తి వెలిగించి, చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడంటే వచ్చినట్టే. దేవుడి ముందు ఒక్కనాడూ ఊదుబత్తి వెలిగించిన పాపాన పోని మనిషి, కిటికీల ముందు, తలుపు సందుల ముందు, వెంటిలేటర్ల కింద మాత్రం ఎంతో భక్తిగా నిలబడేవాడు. పొగ ఎటు వంగుతుందో చూసేవాడు. పొగ వంగితే సంతోషం. నిటారుగా పైకి లేస్తే మొహం మాడ్చుకునేవాడు.

ఆయన వెనకాలే మా అమ్మ నడిచేది. ఆమె చేతిలో చింపిన పాత చీరల పేలికలు, చంకలో పాత పేపర్లు, గిన్నెలో అవి అంటించడానికి మైదాపిండితో కాచిన లై. పొగ ఎక్కడ వంగిందో ఆమె కూడా శ్రద్ధగా చూసి గుర్తుపెట్టుకునేది. మూసెయ్యడానికి. బాపు పరీక్ష ఆయనకంటే ఆమెకే ఎక్కువ అక్కరకు వచ్చిందని నా అనుమానం.

బాపు గోదావరిఖనిలో బొగ్గుబాయి లోపల పనిచేసి రిటైరయ్యాడు. బొగ్గు కొట్టే పని కాదు, గాలి పని. పైనుంచి లోపలికి పంపిన గాలి అడ్డదారిలో తప్పించుకుపోకుండా మందపాటి పరదాలు కట్టాలి, వాడని దారుల్ని ఇటుకలతో మూసెయ్యాలి. ఆ గాలి పనిచేసే ప్రతి మనిషి మొహానికీ తగిలి, లోపలి చెడ్డగాలిని వెంటబెట్టుకుని ఇంకో దారిలో బయటికి పోవాలి. ఉద్యోగం అంతా అదే చేశాడు కాబట్టి, ఆయన కంటికి ఏ ఇల్లయినా నాలుగు గోడలు కాదు, గాలి వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి. చుట్టాలింటికి వెళ్లినా ముందు చూసేది వాళ్ల మొహాలు కాదు, వెంటిలేటర్లు. వచ్చిన గాలి పోకుండా గదిలోనే తిరిగితే దానికి ‘ఎంగిలి గాలి’ అని పేరు పెట్టాడు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఊరి చివర సొంతిల్లు కట్టుకున్నప్పుడు గదికి ఇన్ని అని వెంటిలేటర్లు పెట్టించాడు. ఇల్లు కడుతున్నమా, జల్లెడ కడుతున్నమా కాకా అని మేస్త్రి అడిగాడట. ఆ మాట మా అమ్మ వచ్చినవాళ్లకల్లా చెప్పేది.

అమ్మ సిద్ధాంతం ఇంకా తేలిక. చలి బయటిది, బయటే ఉండాలి, అంతే. దసరా వెళ్లగానే ఆమె మూత కార్యక్రమం మొదలయ్యేది. కిటికీ రెక్కల మధ్య సందుకు పేపరు, తలుపు కింద గోనెసంచి, వెంటిలేటరుకు చీర పేలికల ఉండ. ఇంత కష్టపడి అంటించాక, మధ్యాహ్నం ఊరి పక్కన కంపెనీ ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే కిటికీలు గడగడలాడి సగం పేపర్లు ఊడి కిందపడేవి. రిటైరయినా కంపెనీ నా మాటే వింటుంది అని బాపు మీసం సవరించుకునేవాడు. అమ్మ మళ్లీ లై కాచేది.

వాళ్లిద్దరూ ఈ విషయం మీద నేరుగా మాట్లాడుకోరు. అమ్మ అనాల్సింది నాతో అంటుంది, బాపు అనాల్సింది గోడతో అంటాడు. ఏళ్లుగా ఇదే తీరు. నేను పెళ్లయి గోలేటి వెళ్లాక మధ్యలో మనిషి లేక చాలా ఇబ్బందిపడ్డారని పక్కింటి ఖాలా చెప్పింది. ఫోను చేసి మరీ, మీ బాపుకు చెప్పు బిడ్డా అని అమ్మ నాతో అనేది. ఆ పక్కన బాపు దగ్గు నాకు వినపడుతూనే ఉండేది.

ఆ చలికాలం నేను పాపను తీసుకుని పుట్టింటికి వచ్చాను. పాప నెలలు నిండకముందే పుట్టింది. అరచేతిలో పట్టేంత మనిషి. దవాఖానలో కొన్నాళ్లు గాజుపెట్టెలో ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ మమ్మల్నందర్నీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పింది. ఒళ్లు చల్లబడితే పాప పాలు తాగదు, తాగకపోతే బరువు పెరగదు, కాబట్టి ఒంటికి హత్తుకుని వెచ్చగా ఉంచాలి. గదికి గాలి ఆడాలి, కానీ గాలి ఎదురుగా తగలకూడదు. దారిలో ఆటోలో తేలిందేమంటే, మా అమ్మకు మొదటి సగమే వినపడింది, మా బాపుకు రెండో సగమే వినపడింది.

నా పరిస్థితి ఏం చెప్పను. బాలింతను. చెవుల్లో దూది, తలకు మఫ్లరు, కాళ్లకు సాక్సులు, మీద రెండు దుప్పట్లు. నోరు తప్ప ఇంకేదీ ఆడించకూడదని అమ్మ ఆజ్ఞ, ఆ నోరు కూడా తినడానికే. మంచం మీద కూర్చుని అందర్నీ చూడటం తప్ప పని లేదు. పాప నిద్రపోతే ఊరికే ఊరికే దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. సన్నటి వెచ్చదనం వేలికి తగిలితే నా ప్రాణం కుదుటపడేది. భయపడ్డానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు. ఆ నెలంతా భయంతోనే బతికాను.

మొదటి యుద్ధం నా గది వెంటిలేటరు మీద జరిగింది. అమ్మ దాన్ని ఎప్పుడు మూసిందో నేనూ చూడలేదు. బాపు మాత్రం తన పాత డ్యూటీ అంగీ కనపడటం లేదని ఇల్లంతా వెతుకుతూ తిరిగాడు. చివరికి పాపను చూడటానికి వచ్చి, తల పైకెత్తి చూస్తే, వెంటిలేటరు లోంచి అంగీ కాలరు వేలాడుతోంది.

“నా అంగీ గాడ ఏం జేస్తంది?” అని గోడనే అడిగాడు.

“డ్యూటీ జేస్తంది. మనిషి రిటైరైండు గని అంగీ ఇంకా గాలేదని చెప్పు బిడ్డా,” అంది అమ్మ నాతో.

నేను నవ్వితే కుట్లు నొప్పి. నవ్వకుండా ఉండటం నా వల్ల కాలేదు. బాపు స్టూలు వేసుకుని ఎక్కి అంగీ లాగేశాడు. మర్నాటికి అక్కడ అమ్మ పాత లంగా ప్రత్యక్షమైంది. ఆయన దాన్ని ముట్టుకోలేక సందిగ్ధంలో పడ్డాడు, అమ్మ ఎత్తు అదే. మా ఆయన ఆదివారం గోలేటి నుంచి వచ్చి, ఇద్దరి వాదనా విడివిడిగా విని, ఇద్దరికీ తల ఊపి, కోడికూరతో భోంచేసి, సాయంత్రం షిఫ్టు ఉందని వెళ్లిపోయాడు. అత్తగారింట్లో అల్లుడికి అంతకు మించిన తెలివి అక్కర్లేదు. పక్కింటి ఖాలా పాపకు బుజ్జి రజాయి, మా అమ్మకూ బాపుకూ కొత్త దూది కొట్టించిన పెద్ద రజాయిలు తెచ్చింది. వాటికి తెల్లటి గలీబులు కూడా తనే కుట్టింది. పంచాయితీ ఆమె ముందుకు వెళ్తే, “హవా భీ హోనా, గర్మీ భీ హోనా అక్కా,” అంది. గాలీ కావాలి, వెచ్చదనమూ కావాలి అని. ఆమె అటు వెళ్లగానే, చూశావా, ఖాలా నా మాటే అన్నది అని ఇద్దరూ అన్నారు.

అలా నవ్వుకుంటూ పోతుండగానే చలి ముదిరింది. పొద్దున పవర్‌హౌస్ పొగగొట్టాలు కూడా కనపడనంత మంచు. పాప పాదాలు ఎన్ని బట్టలు చుట్టినా చల్లగానే ఉండేవి. పాలు తాగుతూ తాగుతూ మధ్యలోనే అలిసిపోయి వదిలేసేది. అమ్మ మొహంలో నవ్వు పోయింది. మెట్ల కింద పాత కుంపటి ఉంది. ఒకప్పుడు క్వార్టర్లలో అందరి వంటలూ బొగ్గు మీదే. గ్యాసు వచ్చాక ఆ కుంపట్లలో కొందరు పూలమొక్కలు పెట్టారు, మా అమ్మ పుదీన పెట్టింది. ఆ సాయంత్రం పుదీనను బకెట్లోకి మార్చి, కుంపటి కడిగి, పెరట్లో బొగ్గు రాజేసింది.

బొగ్గు గురించి మా ప్రాంతం వాళ్లకు ఎవరైనా చెప్పబోతే నవ్వొస్తుంది. దాని మీద పుట్టి, దాని మీద వండుకుని పెరిగినవాళ్లం. పచ్చి బొగ్గు పొగ పెడుతుంది, ఆ పొగ చెడ్డది, పొగంతా పోయి నిప్పు ఎర్రగా నిలబడ్డాక ఇక ఏ భయమూ లేదు, ఇది మా ఇళ్లన్నింట్లో ఉన్న నమ్మకం. అమ్మ కూడా అలాగే చేసింది. పొగ ఆఖరి పోగు పోయేదాకా బయటే ఉంచి, ఎర్రటి నిప్పులతో కుంపటి తెచ్చి నా మంచం పక్కన పెట్టింది. గుప్పెడు వాము చల్లింది. కిటికీ వేసి, తలుపు దగ్గరికి వేసి, కింద గోనెసంచి తోసి తను వంటింట్లోకి పోయింది. బాపు చౌరస్తాలో చాయ్ తాగడానికి వెళ్లాడు.

గది వెచ్చబడింది. ఎంత హాయిగా అనిపించిందో. ఆ చలికాలంలో మొదటిసారి దుప్పటి తీసేశాను. పాప పాదాలు పట్టుకుని చూస్తే వెచ్చగా ఉన్నాయి. అమ్మ మాటే నిజం అనుకున్నాను. తల కొంచెం బరువుగా ఉంది, నిద్రలేక అనుకున్నాను. కళ్లు మూతలు పడుతున్నాయి.

తలుపు తెరుచుకోవడం, బాపు గడపలో నిలబడటం తెలుసు. తువ్వాల చేతికి చుట్టుకుని కుంపటి ఎత్తి పెరట్లోకి తీసుకుపోయాడు. తిరిగొచ్చి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచాడు. వెంటిలేటర్లోంచి అమ్మ లంగా లాగి అవతల పారేశాడు. పాపను ఎత్తుకుని, నన్ను చెయ్యి పట్టి లేపి హాల్లోకి తెచ్చి కూర్చోబెట్టాడు. పాప చల్లటిగాలి తగిలి గయ్యిమని ఏడ్చింది. అది ఏడ్చాక గానీ బాపు కూర్చోలేదు.

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆ రోజు ఆమె నాతో కాదు, నేరుగా ఆయనతోనే మాట్లాడింది. పసిపిల్లను చలిలో పెట్టడానికి మతి ఉందా అని అడిగింది. పొగ ఎక్కడుందో చూపించమంది. నిప్పులు ఎర్రగా ఉన్నాయి కదా అంది. ఆమె గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ.

“పొగైతే మనిషి దగ్గుతడు, లేసి ఉరుకుతడు. ఎర్ర నిప్పులల్లకెంచి అచ్చే చెడ్డగాలి గట్ల గాదు, కండ్లకు అవుపడది. నిద్ర వట్టినట్టు వడ్తది,” అన్నాడు బాపు.

ఆ తర్వాత ఆయన చెప్పింది నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. అమ్మ కూడా వినలేదు. బాపు ముఠాలో వరసకు బావ అని పిలుచుకునే మనిషి ఒకాయన ఉండేవాడట. లోపల అన్నం తినేటప్పుడు అందరూ గాలి వచ్చే దారిలో కూర్చునేవాళ్లు. అక్కడ చలి. ఆయనకు చలి పడదు. రోజూ గొణిగేవాడు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా, మూసేసిన పాత దారి అడ్డుగోడలో ఇటుకలు ఊడిన సందు దూరి అవతలికి పోయి, టిఫిను డబ్బా తెరుచుకుని కూర్చున్నాడు. గాలి ఆడని ఆ చోట వాసన లేదు, పొగ లేదు, చెడ్డగాలి మాత్రం నిండి ఉంది. వెతుక్కుంటూ పోయినవాళ్లకు గోడకు ఆనుకుని, నిద్రపోతున్నట్టే కనపడ్డాడు. డబ్బాలో అన్నం సగం అలాగే ఉంది.

“వెచ్చగుందనే పోయిండు,” అన్నాడు బాపు. “నా బిడ్డ కండ్లు మూసుకుంటాంటే నాకు గాయినే కండ్లల్ల అవుపడ్డడు.”

అమ్మ పాపను ఆయన చేతుల్లోంచి తీసుకుని, తన రొమ్ముకు అదుముకుని, పైన కొంగు కప్పి అలాగే చాలాసేపు కూర్చుంది. నా తలనొప్పి అన్నం తినేవేళకు తగ్గింది. అది నిద్రలేక వచ్చిన నొప్పి కాదని అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో బాపు రాజ్యం. వెచ్చదనం అమ్మ శాఖ, గాలి బాపు శాఖ అని పంచుకున్నారు. అమ్మ పెనం మీద పాత బట్టలు కాచి మడతలు పెట్టి తెచ్చేది, ఇసుక మూట వేడిచేసి నా కాళ్ల దగ్గర పెట్టేది. నర్సమ్మ చెప్పినట్టు పాపను వంతులవారీగా ఒంటికి హత్తుకుని పడుకునేవాళ్లం. బాపు ఇల్లంతా కొలతలు తీశాడు. మూయాల్సిన సందులు మూయమని అమ్మకు తనే లై కలిపి ఇచ్చాడు. గాలి లోపలికి రావడానికి హాలు కిటికీ ఒక్కటి తెరిచి ఉంచాడు. హాలుకూ నా గదికీ మధ్య గుమ్మానికి దుప్పటి పరదా కట్టాడు, పైన జానెడు ఖాళీ వదిలి. వచ్చిన చలిగాలి హాల్లో తిరిగి, పదును తగ్గించుకుని, పరదా పైనుంచి నెమ్మదిగా నా గదిలోకి వచ్చి, వెంటిలేటర్లోంచి బయటికి పోవాలి. పాప మీద నేరుగా పడకూడదు. అది అయ్యాక ఒక వారం పాటు ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ గాలి నడక వివరించాడు. పాలవాడికి వివరించాడు. కరెంటు బిల్లు తీయడానికి వచ్చినాయనను నిలబెట్టి వివరించాడు. ఆయన తనకు జల్ది ఉందని వెళ్లిపోయాడు.

నిజం చెప్పాలంటే పనిచేసింది. నా గదిలో ఉక్క లేదు, చలి లేదు. పాప పాలు వదిలేయకుండా తాగడం మొదలుపెట్టింది. సూదికి దవాఖానకు తీసుకెళ్తే నర్సమ్మ తూకం వేసి, తల పంకించి, ఇట్లనే ఉంచుండ్రి అంది. బాపు ఆటోలో వెనక్కి వచ్చేదాకా మీసం మీది నుంచి చెయ్యి తీయలేదు. అమ్మ రోడ్డు వైపు మొహం తిప్పుకుని నవ్వుకుంది. ఓడిపోయి అంత సంతోషపడ్డ మనిషిని నేను చూడలేదు.

తర్వాత ఒకరోజు ఎండ బాగా కాసింది. నేను పాపను ఒళ్లో పెట్టుకుని పెరట్లో ఎండపొడకు కూర్చున్నాను. అమ్మ రజాయిల గలీబులు విప్పి ఉతకడానికి వేసింది. మా దగ్గర ఏ బట్టయినా తెల్లగా ఉండదు. బొగ్గు పొడి గాలిలోనే ఉంటుంది, గాలి ఎటు వస్తే అటు వాలుతుంది. అయినా పాపది దాదాపు తెల్లగానే ఉంది. అమ్మది కాస్త మాసినట్టుంది. బాపు గలీబు తీసి దులిపిన అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఛాతీ మీదికి వచ్చే చోట, అడ్డంగా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు అది నల్లగా ఉంది.

నేను చూస్తుండగానే ఆమె లేచి హాల్లోకి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. తెరిచి ఉంచిన కిటికీ కింద, దానికి ఆనించి, బాపు మంచం. మేమిద్దరం రోజూ దాని పక్కనుంచే నడిచాం. ఆయన ఎప్పటినుంచో హాల్లోనే పడుకుంటాడు కాబట్టి మాకు ఏమీ అనిపించలేదు. కానీ ఆయన మంచం అవతలి గోడకు ఉండేది. గాలికి దారి వేసిన రోజే ఇవతలికి జరిపాడు. కిటికీలోంచి వచ్చే గాలి ముందు ఆయనకు తగిలి, ఆయన మీదుగా, పల్చబడి మా దగ్గరికి వస్తోంది. పొద్దున్నే నల్లా దగ్గరికి పోయి దగ్గడం కూడా అప్పుడే గుర్తొచ్చింది. మొహం కడుక్కుంటున్నాడనుకున్నాం. ఏళ్ల తరబడి బొగ్గు పొడి మింగిన ఛాతీ అది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

బాపు చౌరస్తా నుంచి రాగానే అమ్మ ఆ గలీబు ఆయన ముందు పరిచింది. ఇదేంటని అడిగింది. అంత గాలికి ఎదురుగా పడుకోమని ఎవరు చెప్పారంది. ఆయన కాసేపు గోడ వైపు చూశాడు. గోడతో చెప్పి తప్పించుకుందామనుకున్నాడేమో, అమ్మ గోడకూ ఆయనకూ మధ్యకు వచ్చి నిలబడింది.

“గాలి ఏడికెంచో ఒక్కకాడికెంచి రావాలె గద,” అన్నాడు. “వట్టి కిటికీ నుంచి అస్తే సలి సలి గానే పోరి దగ్గరికి వోతది. నడుమ ఒక మనిషి ఉంటే జర ఆగుతది. లోపల గూడ గాలి అచ్చే దారిల కూసున్నోనికే సలి పెడ్తది. గని వాడే ఇంటికి పోతడు. నాకేం గాదు.”

అమ్మ వాదించలేదు. కిటికీ మూయలేదు. మంచం వెనక్కి జరపమనీ అనలేదు. మూస్తే పాపకు గాలి ఎలాగని ఆమెకు ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. వెళ్లి గలీబు ఉతికి ఆరేసింది. వాము కషాయం కాచి, ఆయన తాగేదాకా ఎదురుగా నిలబడింది.

ఆ సాయంత్రం అన్నాలు తిన్నాక నా గదిలోంచి మంచం ఈడ్చుకుపోతున్న చప్పుడైంది. నాకు తోడుగా నా గదిలో వేసుకున్న తన మంచాన్ని అమ్మ గడప దాటించి, హాల్లోకి తీసుకుపోయి, ఆయన మంచాన్ని ఇవతలికి నెట్టి, కిటికీకీ దానికీ మధ్యలో ఇరికించింది. ఎక్కి కూర్చుని, తన రజాయి కప్పుకుని, చెవులకు కొంగు చుట్టుకుంది. పళ్లు టకటకమంటున్నాయి. ఏందే ఇది, చలి పెడుతుంది, లోపలికి పో అని బాపు గొడవ చేశాడు. తన మంచం ముందుకు జరపబోయాడు. ఆమె కదలలేదు.

“నాకు లోపల ఉబ్బరంగ ఉన్నది,” అంది అమ్మ.

దసరా వెళ్లగానే తలుపు కింద గోనెసంచి పెట్టే మనిషి ఆ మాట అన్నది. బాపు నా వైపు చూశాడు. నేను పరదా దించేసి పాప దగ్గరికి వచ్చేశాను. శివరాత్రి దాకా, చలి పూర్తిగా పోయేదాకా, అడిగినప్పుడల్లా ఆమె అదే చెప్పింది, లోపల ఉబ్బరంగా ఉందని.